డబుల్ లాక్ మేడం సీక్రెట్ ప్రింటు

మా తోడికోడలిని నేను అక్కా అని పిలుస్తాను. ఆవిడ పని చేసే రక్తపరీక్షల ల్యాబ్‌లో మాత్రం అందరూ డబుల్ లాక్ మేడం అంటారు. ఆవిడ వెనకాలే లెండి. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు.

ఆ పేరు ఊరికే రాలేదు. వీధి తలుపుకి తాళం వేసి, లాగి చూసి, మెట్లు దిగి, మళ్ళీ ఎక్కొచ్చి ఇంకోసారి లాగి చూసే మనిషి మా అక్క. కూరగాయల బండి దగ్గర తక్కెడ పళ్ళెం తిరగేసి, అడుగున ఏమైనా అంటించారేమో చూస్తుంది. పక్కింటావిడ నవ్వుతూ పలకరిస్తే లోపలికొచ్చి, "ఏం కావాలట ఆవిడకి?" అంటుంది. నేను కాపురానికి వచ్చిన రోజున నా పెట్టె వంక ఆవిడ చూసిన చూపు నాకింకా గుర్తే. నేనేం తెచ్చానో అని కాదు, ఏం పట్టుకుపోతానో అని.

అలాగని చెడ్డ మనిషి అనుకోకండి. మా ఆయన పని చేసే ఫ్యాక్టరీ మూతపడి ఇంట్లో కూర్చున్నప్పుడు, నేను నోరు తెరిచి అడక్కుండానే నన్ను తన ల్యాబ్‌కి వెంటబెట్టుకెళ్ళి కౌంటరు దగ్గర ఉద్యోగం ఇప్పించింది. పెద్ద డాక్టరు గారికి నన్ను పరిచయం చేస్తూ, "మా తోడికోడలండి. పని బాగా చేస్తుంది. కొత్తలో కొంచెం ఓ కన్నేసి ఉంచండి" అంది. నా ఎదురుగానే అంది. మా అక్క సిఫారసు అంటే అలాగే ఉంటుంది.

ల్యాబ్ పెద్దదేం కాదు. ముందు నా కౌంటరు, పక్కన రక్తం తీసే గది, ఆ వెనక అక్క టైపు చేసే గది, చివర డాక్టరు గారి గది. మధ్యలో సన్నటి నడవా. ఆ నడవాలో మంచినీళ్ళ క్యాన్లు, వాటి పక్కనే ల్యాబ్ మొత్తానికీ దిక్కయిన ఒకే ఒక్క ప్రింటరు. అక్క తన గదిలో కూర్చుని రిపోర్టు టైపు చేసి ప్రింటు కొడితే, కాగితం వచ్చి నడవాలో పడుతుంది. ఆవిడ లేచి వెళ్ళేలోపు నీళ్ళు తాగడానికి వచ్చినవాళ్ళెవరైనా దాని వంక చూడొచ్చు.

రిపోర్టుల విషయంలో అక్క జాగ్రత్త ఇంకో మెట్టు పైనే. ఎప్పుడో ఒకరి రిపోర్టు ఇంకొకరి చేతికి వెళ్ళి పెద్ద రభస అయిందట. అప్పటి నుంచి కంప్యూటర్లో ప్రతి ఫైలుకీ ఇంత పొడుగు పేరు పెడుతుంది. మనిషి పేరు, చేసిన పరీక్ష, తేలిన ఫలితం, అన్నీ ఆ పేరులోనే. "ఇలా ఉంటే ఎవడూ ఒకటి తీసి ఇంకోటి పెట్టలేడు" అని ఆవిడ ధీమా.

గొడవ దర్జీ గారితో మొదలైంది. ఆయనకి షుగరు ఉందని తేలింది. భార్యకి చెప్పకుండా నెట్టుకొద్దామనుకున్నాడు పాపం. రిపోర్టు తీసుకుని ఇంటికి చేరేసరికి ఆవిడ చక్కెర డబ్బా అటకెక్కించేసి, నడుం మీద చేతులేసుకుని గుమ్మంలో నిలబడి ఉందట. ఆయన మా కౌంటరుకొచ్చి అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. నాకు నవ్వొచ్చింది కానీ అక్క ముఖం చూసి మింగేశాను.

"ఇక్కడెవరో నా కాగితాలు చదువుతున్నారు" అంది అక్క. అలా అంటూ ముందు నా వంకే చూసింది.

మర్నాడు కంప్యూటర్లు బాగుచేసే ఆయన్ని పిలిపించింది. నెమ్మదస్తుడు, చెవి వెనక ఎప్పుడూ పెన్సిలు. ఆయన అక్క కుర్చీలో కూర్చుని ప్రింటరు సెట్టింగులు తెరిచాడు. "ఇదుగో మేడం, ఇక్కడ నార్మల్ ప్రింట్ అని ఉంది చూడండి. దీన్ని సెక్యూర్ ప్రింట్ అని మారుస్తున్నా. ఇక మీరు ఇక్కడ ప్రింట్ కొట్టినా కాగితం బయటికి రాదు. ప్రింటరు కడుపులోనే ఉంటుంది. మీరు దాని దగ్గరకెళ్ళి నాలుగంకెల పిన్ను కొడితేనే వస్తుంది" అన్నాడు.

"పిన్ను మీకు తెలుస్తుందా?"

"నేను చూస్తే తెలుస్తుంది మేడం."

"అయితే అటు తిరగండి."

ఆయన గోడకేసి తిరిగి నిలబడ్డాడు. అక్క పిన్ను పెట్టుకుంది. ఆయన అలాగే నిలబడి, "ఇంకోటి చెప్పాలి మేడం, అందులో పైన..." అని ఏదో మొదలుపెట్టాడు. "చాలు, మిగతాది నేను చూసుకుంటా" అని ఆయన్ని సాగనంపింది. ఆయన వీధి మలుపు తిరిగాడో లేదో పిన్ను మార్చేసింది. గోడలో చూశాడేమో అని ఆవిడ భయం. ఆ గోడ సున్నం గోడ. అందులో ఏం కనపడుతుందో ఆవిడకే తెలియాలి.

ఆ రోజు నుంచి మాకు రోజూ ఒక నాటకం. అక్క రిపోర్టులన్నీ ఒకదాని వెనక ఒకటి పంపించేస్తుంది. అవన్నీ పోగయ్యాక, తీరిక చూసుకుని నడవాలోకి వస్తుంది. ఒక చేత్తో ప్రింటరు మీద అంకెలు నొక్కుతూ, ఇంకో చెయ్యి గొడుగులా అడ్డం పెట్టి, మెడ పూర్తిగా వెనక్కి తిప్పి ఎవరైనా చూస్తున్నారేమో అని చూస్తూ ఉంటుంది. వేళ్ళకి అలవాటైపోయింది కాబట్టి కళ్ళతో పని లేదు. కాగితాలు రాగానే గుండెలకి హత్తుకుని గదిలోకి పోయి తలుపేసుకుంటుంది.

ఇంత చేశాక కూడా క్యాంటీన్ వంటావిడ సంగతి బయటపడింది.

ఆవిడ మా వీధి చివర క్యాంటీన్‌లో వంట చేస్తుంది. నీరసంగా ఉంటోందని పరీక్ష చేయించుకుంది. రక్తంలో హెపటైటిస్ బి అని తేలింది. వంటతో అంటుకునే జబ్బు కాదది. మందులున్నాయి. ఆ మాట డాక్టరు గారు ఆవిడని కూర్చోబెట్టి, నిదానంగా చెప్పాల్సింది. కానీ ఆవిడ రిపోర్టు కోసం వచ్చేముందే క్యాంటీన్ యజమాని ఆవిడని గుమ్మంలోనే ఆపి, రేపటి నుంచి రావద్దన్నాడు.

ఆవిడ నా కౌంటరు మీద రెండు చేతులూ ఆనించి అడిగింది. "నాకే తెలియని నా జబ్బు ఆయనకెలా తెలిసిందమ్మా?"

దర్జీ గారి చక్కెర డబ్బాకి నవ్విన నేనే ఆ పూట అన్నం ముందు కూర్చుని తినలేకపోయాను.

డాక్టరు గారు మా అందర్నీ తన గదిలోకి పిలిచారు. "ఈ పని చేసినవాళ్ళెవరో రేపటిలోగా తెలియాలి. వాళ్ళు ఇక్కడ ఉండటానికి వీల్లేదు" అన్నారు. అందరం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. నిజం చెప్పొద్దూ, నేను అక్కని కూడా అనుమానించాను. ఎక్కడైనా నోరు జారిందేమో అని. రక్తం తీసే అబ్బాయి నన్ను అనుమానిస్తున్నట్టు ఆ పిల్లాడి చూపుల్లోనే తెలిసిపోయింది. ఆ ఒక్క పూటలో ల్యాబ్ నిండా మా అక్కలే తయారయ్యారు.

అసలు అక్క మాత్రం ఎప్పుడో తేల్చేసుకుంది. "ఇది పిన్ని పనే" అంది.

పిన్ని అంటే మా ల్యాబ్ ఊడ్చి తుడిచే ఆవిడ. వయసులో మా అందరికంటే పెద్దది, అందుకే పిన్నీ అంటాం. భర్త మంచాన పడ్డాడు. ఇల్లు గడిచేది ఆవిడ సంపాదనతోనే.

"పిన్ని ఎందుకు చేస్తుంది అక్కా? ఆవిడకి ఇంగ్లీషు చదవడం కూడా రాదు."

"రాదని ఎవరు చెప్పారు?"

"ఆవిడే చెప్పింది."

"చూశావా! వచ్చినవాళ్ళే రాదని చెప్పుకుంటారు. మొన్న సబ్బు కవరు చేత్తో పట్టుకుని దాని వంక ఎంతసేపు చూసిందో తెలుసా? పైగా ఎప్పుడు చూడు, ఆ ప్రింటరు దగ్గరే ఉంటుంది."

నేను ఎంత మొత్తుకున్నా వినలేదు. వెళ్ళి డాక్టరు గారికి కుండబద్దలు కొట్టినట్టు చెప్పేసింది. ఆయన పిన్నిని పిలిచారు. పిన్ని వాదించలేదు, ఏడవలేదు. "నాకేం తెలియదండి" అని ఒక్క మాట అంది. ఆయన ఆ మాట నమ్మలేదు. పిన్ని తన చేతి తొడుగులు విప్పి, ఆరబెట్టినట్టుగా బకెట్టు అంచు మీద వేసి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. సాయంత్రానికల్లా వీధి వీధంతా ఒకటే గుసగుస, ల్యాబ్ రహస్యాలు అమ్ముకుందని. ఎవరికి అమ్మిందో మాత్రం ఎవరూ అడగలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంట్లో అక్కతో మాట్లాడటం మానేశాను. వంటింట్లో పక్కపక్కనే నిలబడి, ఉప్పు డబ్బా కావాలన్నా మా బావగారి ద్వారా అడిగాను. ఆయన కంగారుపడిపోయి డబ్బా తెచ్చి మా ఇద్దరి మధ్య పెట్టి, వరండాలోకి తప్పుకున్నారు.

అక్కకి అదేం పట్టలేదు. పిన్నిని పంపించాక కూడా ఆవిడ మనసు కుదుటపడలేదు. ఆవిడ ఒక్కతే చేసి ఉండదు, లోపల ఇంకెవరో తోడున్నారు, వాళ్ళు ఇక్కడే ఉన్నారు. ఇదీ ఆవిడ కొత్త బాధ. ఆ తోడుదొంగని పట్టుకోవడానికి ఒక ఉచ్చు పన్నింది. ఒక దొంగ రిపోర్టు టైపు చేసి, సెక్యూర్ ప్రింటుకి పంపి, పిన్ను కొట్టకుండా వదిలేసి, నడవా చివర సామాన్ల గదిలో దూరి తలుపు సందులోంచి నడవాని కాపలా కాసింది. ఆ కాగితం కోసం ఎవరు వస్తారో చూద్దామని.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ మధ్యాహ్నం నాకు తెలిసిందల్లా ఒకటే. క్యాన్ల ఆయన ఉన్నాడు కదా, మాకూ, క్యాంటీన్‌కీ, దర్జీ కొట్టుకీ మంచినీళ్ళు వేసే ఆయన. లోపల నిండు క్యాను దించి, ఖాళీది భుజాన వేసుకుని నా కౌంటరు ముందు ఆగి, పళ్ళన్నీ కనపడేలా నవ్వాడు.

"శుభవార్త విన్నానమ్మా! ఒంట్లో జాగ్రత్త. బరువులెత్తకండి."

"ఏం శుభవార్త?"

"అయ్యో, నా దగ్గర దాపరికం ఎందుకమ్మా? నెల తప్పారు కదా."

మా చిన్నదానికి పెళ్ళి సంబంధాలు చూస్తున్నాం. కౌంటరు ముందు కూర్చున్న జనమంతా నా పొట్ట వంక చూశారు. నేను లేచి నిలబడి, "ఎవరు చెప్పారయ్యా నీకు?" అని అరిచిన అరుపుకి సామాన్ల గది తలుపు దభాలున తెరుచుకుని అక్క పరిగెత్తుకొచ్చింది. నెత్తి నిండా దుమ్ము.

"ఎవరు చెప్పారు? పేరు చెప్పు!" అంది, ఆయన క్యాను పట్టుకుని వదలకుండా.

అప్పుడర్థమైంది నాకు. దొంగ రిపోర్టులో నా పేరు పెట్టింది మహాతల్లి. ఆ సంగతి తర్వాత తేల్చుకుందామని పళ్ళు బిగబట్టుకున్నాను.

క్యాన్ల ఆయన బిక్కచచ్చిపోయాడు. "ఎవరూ చెప్పలేదమ్మా. అక్కడ రాసుంది కదా."

"ఎక్కడ?"

"ఆ మిషను మీద. చిన్న తెర వెలుగుతుంటుంది కదా, దాని మీద. క్యాను దించాక ఊపిరి తీసుకోవడానికి కాసేపు నిలబడతాను. రోజూ ఎవరెవరివో వరసగా వస్తుంటాయి. బస్సుల బోర్డులాగా అందరికీ కనపడేట్టు ఉంటే చదివాను. చదవకూడనివైతే అక్కడెందుకు పెడతారు?"

ముగ్గురం నడవాలోకి వెళ్ళాం. ప్రింటరు నెత్తిన అరచేతి వెడల్పు తెర. దాని మీద అక్క పేరు, దాని కింద ఎదురుచూస్తున్న కాగితాల వరస. నా పేరు, గర్భ పరీక్ష, పాజిటివ్. దాని కింద ఇంకెవరిదో పేరు, కిడ్నీ, ఇంకెవరిదో పేరు, కామెర్లు. కాగితం ఒక్కటీ బయటికి రాలేదు. రావలసిన అవసరమూ లేదు. అక్క పెట్టిన పొడుగు పేర్లే అన్నీ చెప్పేస్తున్నాయి. మామూలు ప్రింటప్పుడు ఆ పేరు ఇలా మెరిసి అలా పోయేది. సెక్యూర్ ప్రింటు పెట్టాక, ఆవిడ తీరిక చూసుకుని వచ్చి పిన్ను కొట్టేదాకా, పూటలకి పూటలు అలా వెలుగుతూ ఉంటోంది.

అన్ని రోజులూ అక్క ఆ తెర ముందే నిలబడింది. ఒక్కసారైనా దాని వంక చూడలేదు. ఆవిడ చూపంతా వెనకే.

"క్యాంటీన్ ఆయనకి చెప్పింది కూడా..." అన్నాను.

"నేనేనమ్మా. అంతకుముందు దర్జీ గారింట్లో షుగరు సంగతి చెప్పిందీ నేనే" అన్నాడు క్యాన్ల ఆయన. "పాపం మీ వంటావిడకి హెపటైటిస్ బి అట, బరువు పనులు చెప్పకండి అన్నాను. ఆయన తీసేస్తాడని నాకేం తెలుసు?" ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. క్యాను దించి గోడకి ఆనుకున్నాడు.

అక్క తన గదిలోకి వెళ్ళి కంప్యూటర్లు బాగుచేసే ఆయనకి ఫోను చేసింది. ఆయన మాట నాకూ వినపడుతూనే ఉంది. "సెట్టింగుల్లో పైన ఇంకో గడి ఉంటుంది మేడం. డాక్యుమెంట్ పేరు దాచమని. దానికి టిక్కు పెడితే తెర మీద చుక్కలే కనపడతాయి. ఆ రోజు అదే చెప్పబోయాను. మీరు నన్ను గోడకేసి తిప్పేశారు."

అక్క ఫోను పెట్టేసి, ఆ గడి వెతికి టిక్కు పెట్టింది. ఫైళ్ళ పేర్లు తీసేసి నంబర్లు వేసింది. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. నాకు ఒకటే అనుమానం. క్యాన్ల ఆయన భయపడి నోరు మెదపడు. నేను ఇంటిమనిషిని. ఇక్కడితో ఈవిడ ఊరుకుంటే పిన్ని మీద పడ్డ మచ్చ అలాగే ఉండిపోతుంది. పాతికేళ్ళ కాపురంలో ఈవిడ తన తప్పు ఒప్పుకోవడం నేను చూడలేదు.

"నువ్వెళ్ళి డాక్టరు గారికి చెబుతావు కదూ?" అంది నా వంక చూడకుండా.

"నేను చెప్పను. నువ్వే చెప్పాలి" అన్నాను.

అక్క లేచి, నెత్తి మీద దుమ్ము దులుపుకుని, డాక్టరు గారి గదిలోకి వెళ్ళింది. తలుపు వేసుకోలేదు. తలుపు వేసుకోకుండా మా అక్క మాట్లాడటం అదే మొదలు.

ఆయన అంతా విని నుదురు రుద్దుకున్నారు. "సరే, సరిచేశారు కదా. ఇక దీన్ని బయటపెట్టకండి, ల్యాబ్ పరువు పోతుంది. వంటావిడ సంగతి నేను క్యాంటీన్ ఆయనతో మాట్లాడతాను. ఆ ఊడ్చే ఆవిడకి ఎక్కడో ఒక చోట పని దొరుకుతుందిలెండి."

"దొరకదండి. రహస్యాలు అమ్ముకుందని వీధంతా అంటున్నారు. ఇంట్లోకి ఎవరు రానిస్తారు? నేను చెబితేనే కదా తీసేశారు. ఇప్పుడు కూడా నేనే చెబుతున్నా, పిలవండి. నా మాట అప్పుడు నమ్మి ఇప్పుడు నమ్మకపోతే ఎలా? లేదంటే నన్ను పంపించేయండి."

ఆవిడ గొంతులో బతిమాలడం లేదు. కూరగాయల బండివాడితో తూకం తేల్చుకునే గొంతే అది. నాకు గర్వంతో ఏడుపొచ్చింది. నా పేరు మీద దొంగ రిపోర్టు పెట్టినందుకు ఉన్న కోపం కూడా ఆ క్షణానికి మర్చిపోయాను. తర్వాత గుర్తొచ్చిందనుకోండి.

డాక్టరు గారు చివరికి సరే, పిలవండి అన్నారు. పనయ్యాక ఇద్దరం పిన్ని ఇంటికి వెళ్ళాం. ఒకటే గది. మంచం మీద భర్త పడుకుని ఉన్నాడు. ఆయన ఒళ్ళు తడిగుడ్డతో తుడుస్తోంది పిన్ని. మమ్మల్ని చూసి లేచింది కానీ కూర్చోమనలేదు. అక్క గుమ్మం అవతలే నిలబడి జరిగిందంతా చెప్పింది. తెర, పేర్లు, క్యాన్ల ఆయన, ఏదీ దాచలేదు. "తప్పు నాది పిన్నీ. అందరి ముందూ చెబుతాను. రేపు పనిలోకి రా" అంది.

పిన్ని తడిగుడ్డ పిండి తాడు మీద ఆరేసింది.

"నా మీదే ఎందుకొచ్చిందమ్మా అనుమానం?"

అక్క నీళ్ళు నమిలింది. "ఎప్పుడూ ఆ ప్రింటరు దగ్గరే ఉండేదానివని..."

"నీళ్ళు ఒలికేది అక్కడే కదమ్మా. తుడవాలంటే అక్కడే ఉండాలి."

అక్క తల దించుకుంది. మంచం మీద ఆయన దగ్గాడు. పిన్ని వెళ్ళి ఆయనకి దుప్పటి సర్ది మళ్ళీ వచ్చింది.

"వస్తాను. రాక ఏం చేస్తాను?" అంది. "ఒక్క మాటమ్మా. మీకు మళ్ళీ అనుమానం వస్తుంది. రాకుండా ఉండదు, మీ తీరే అంత. వచ్చినప్పుడు డాక్టరు గారి దగ్గరికి వెళ్ళేముందు నన్నొకసారి అడగండి. అంతే."

"అడుగుతాను" అంది అక్క.